డాష్‌బోర్డ్ అంతా గ్రీన్, బేరింగ్ మాత్రం పోయింది

పోయిన సంచికలో మోటార్లకీ పంపులకీ తగిలించే వైర్‌లెస్ వైబ్రేషన్ సెన్సార్ల గురించి ఒక పేజీ రాశాం, మెషీన్ చెడిపోకముందే దాని వణుకుని బట్టి పసిగట్టొచ్చు అని. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం "మీరు రాసినంత తేలిగ్గా లేదండీ ఇక్కడ" అనే మొదలయ్యాయి. సరే, ఈసారి పేజీ మొత్తం వాళ్ళకే.

ప్రశ్న: మా ప్లాంట్‌లో 40 మోటార్లకి వైర్‌లెస్ సెన్సార్లు పెట్టాం, డాష్‌బోర్డ్‌లో అన్నీ గ్రీన్. అయినా ఒక పంపు మోటార్ నైట్ షిఫ్టులో పట్టేసి ఆగిపోయింది, విప్పితే డ్రైవ్ ఎండ్ (పంపు వైపు చివర) బేరింగ్ కేజ్, అదే బాల్స్‌ని పట్టి ఉంచే చట్రం, ముక్కలు ముక్కలు. ఆ సాయంత్రం వణుకు వేగం రీడింగ్ సెకనుకి 2.1 మిల్లీమీటర్లు, అంతకుముందు నెలంతా కూడా 2 చుట్టూనే ఉంది. తప్పు సెన్సార్‌దా, మాదా? ఫోటో కూడా పంపుతున్నా.
— మెయింటెనెన్స్ ఇంజినీర్

జవాబు: ముందు ఫోటో సంగతి చెప్తా సార్, ఎందుకంటే చూడగానే నవ్వొచ్చింది, తర్వాత నేను కూడా ఒకప్పుడు ఇదే పని చేశానని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మీ సెన్సార్ మోటార్ వెనక ఫ్యాన్ కవర్ మీద ఉంది. అది పల్చటి రేకు. అక్కడ పెట్టడం తేలిక, చెయ్యి అందుతుంది, సిగ్నల్ కూడా బాగా వస్తుంది, అన్నీ నిజమే, కానీ పోయిన బేరింగేమో డ్రైవ్ ఎండ్‌లో ఉంది, అంటే మోటార్‌కి అవతలి చివర. బేరింగ్‌లో పుట్టిన చప్పుడు హౌసింగ్ దాటి, బాడీ దాటి, బోల్టులు దాటి ఆ రేకు దగ్గరికి వచ్చేసరికి అందులో మిగిలేది ఏమీ ఉండదు, పైగా రేకు తన సొంత వణుకు కూడా కలుపుతుంది. సెన్సార్‌ని బేరింగ్ కూర్చునే చోటే, గట్టి ఇనుము మీద, వీలైనంత లోడ్ పడే వైపు పెట్టాలి. పెయింట్ గీకి మరీ.

ఇక అసలు విషయం. చోటు సరిగ్గా ఉన్నా ఆ 2.1 పెద్దగా కదిలేది కాదు, ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. మీ మోటార్ 1440 ఆర్పీఎం అనుకోండి, అంటే సెకనుకి 24 చుట్లు, 24 హెర్ట్జ్. ఆ 24 హెర్ట్జ్ దగ్గర 0.1 జీ వణుకు (జీ అంటే భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం) ఉంటే వేగం లెక్కలో అది పీక్ సెకనుకి 6.5 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే చాలా ఎక్కువే. అదే 0.1 జీ 2400 హెర్ట్జ్ దగ్గర ఉంటే? 0.065. వందో వంతు! ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వేగం లెక్క దాన్ని నలిపేస్తుంది. అక్కడ ఏకంగా 1 జీ వచ్చినా మీ 2.1 కాస్తా 2.15 అవుతుంది, అంతే, ఎవరి కంటికీ ఆనదు. అదీ మీ సెన్సార్ అంత పైదాకా లెక్కలోకి తీసుకుంటేనే, మామూలుగా ఈ రీడింగ్‌కి వాడే బ్యాండ్ 10 నుంచి 1000 హెర్ట్జే కాబట్టి 2400 దగ్గర జరిగేది అసలు కూడికలోకే రాదు.

మరి బేరింగ్ డ్యామేజ్ మొదట్లో ఎక్కడ కనిపిస్తుంది? పైనే. చిన్న మోటార్లలో తరచూ కనిపించే 6205 బేరింగ్ తీసుకోండి, 9 బాల్స్ ఉంటాయి. బయటి రింగ్ మీద గోటి మొనంత పెచ్చు లేచిందనుకుందాం, ప్రతి బాల్ దాని మీదనుంచి దొర్లినప్పుడల్లా ఒక టిక్. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే 3.58 టిక్కులు, అంటే మీ మోటార్‌లో సెకనుకి 86. లోపలి రింగ్ మీద అయితే 5.41, సెకనుకి 130. ఇక్కడే చాలామంది "86 హెర్ట్జ్ కదా, అది 1000 లోపే కదా" అని పొరపడతారు. గంట కొట్టడం గుర్తు తెచ్చుకోండి, మీరు సెకనుకి ఒకసారి కొట్టినా గంట మోగేది దాని సొంత శ్రుతిలో కదా. అలాగే ఒక్కో టిక్ చాలా చిన్నది, కానీ అది తగలగానే బేరింగూ హౌసింగూ తమ సొంత ఫ్రీక్వెన్సీల్లో, కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర, కాసేపు మోగి ఆగుతాయి. మోగేది వేలల్లో, మోగించేది 86 సార్లు. ఆ పై మోతని పట్టుకుని, అది సెకనుకి ఎన్నిసార్లు ఉబ్బి తగ్గుతోందో లెక్కపెట్టే పద్ధతినే ఎన్వలప్ అంటారు. మీ డాష్‌బోర్డ్‌లో జీ అనో, ఎన్వలప్ అనో ఇంకో ట్యాబ్ ఉంటే ఇవాళే తెరిచి ఆ మోటార్ పాత ట్రెండ్ చూడండి, సెన్సార్ ఉన్నది రేకు మీదే అయినా ఏదో ఒక జాడ దొరకొచ్చు. అలాంటి ట్యాబే లేకపోతే మీరు కొన్నది బ్యాలెన్స్, అలైన్‌మెంట్ (షాఫ్టులు ఒకే వరసలో ఉన్నాయా అన్నది), లూజ్‌నెస్ చూసే సెన్సార్, బేరింగ్‌ని మొదట్లోనే పట్టేది కాదు. టెంపరేచర్ మీద ఆశ పెట్టుకోకండి, అది పెరిగేసరికి బేరింగ్ చాలావరకు అయిపోయి ఉంటుంది.

కాబట్టి తప్పు ఎవరిదంటే, సెన్సార్ తనని అడిగినదానికి కరెక్టుగానే చెప్పింది.

ప్రశ్న: 22 ఏళ్ళుగా స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద, పిడి చెవి దగ్గర పెట్టి చెప్పేస్తున్నా ఏ బేరింగ్ పోతుందో. ఇప్పుడు ఈ డబ్బా వచ్చి నాకు నేర్పుద్దా?
— సీనియర్ ఫిట్టర్

జవాబు: నేర్పదు అన్నా. మీ స్క్రూడ్రైవర్ చేసేది కూడా పైన చెప్పిన పనే, పై ఫ్రీక్వెన్సీ మోతని ఇనుము ద్వారా ఎముకకి చేర్చడం, అందులో గరగర ఉందా, టిక్ టిక్ ఉందా, కూత ఉందా అని మీ బుర్ర విడదీయడం. గ్రీజు ఎండిపోయిన చప్పుడుకీ పెచ్చు లేచిన చప్పుడుకీ తేడా మీకు వినగానే తెలుస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి అది నేర్పడానికి జనం తలలు పట్టుకుంటున్నారు. కానీ మీరు ఆదివారం రాత్రి 3 గంటలకి చెవి పెట్టరు. 70 మోటార్లలో 43వ దాని చప్పుడు మూడు వారాల కిందట ఎలా ఉండేదో గుర్తుంచుకోలేరు, ఎవరూ ఉంచుకోలేరు. డబ్బా పని అంతవరకే, అది పిలిస్తే మీరు వెళ్ళి వినాలి. ఇంకోటి, తిరిగే కప్లింగ్ పక్కన తల వంచేటప్పుడు గార్డ్ ఉందో లేదో చూసుకోండి, కుదిరితే స్టెతస్కోప్ వాడండి, మెకానిక్కులకి పొడుగు రాడ్డుతో వచ్చేది.

ప్రశ్న: బ్యాటరీ 5 ఏళ్ళు వస్తుందన్నారు, 14 నెలలకే సగం సెన్సార్లు చచ్చిపోయాయి. మోసమా?
— స్టోర్స్ ఇన్‌ఛార్జ్

జవాబు: మోసం అనలేను, కానీ ఆ 5 ఏళ్ళ పక్కన చిన్న అక్షరాల్లో ఏం రాశారో మీరు చదవలేదని మాత్రం అనగలను. రోజుకి ఎన్ని రీడింగులు, ఎన్ని సెకన్లు, ఏ టెంపరేచర్‌లో అని రాసి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ట్రెండ్ త్వరగా కనపడాలి" అని గంటకోసారి పెట్టుంటారు, తర్వాత దాన్ని రోజుకోసారికి మార్చడం అందరూ మర్చిపోయుంటారు. అంటే 24 రెట్ల పని.

ఒక్క పూర్తి రికార్డింగ్ ఎంత బరువో చూడండి. సెకనుకి 25,600 శాంపిళ్ళు, 4 సెకన్లు, శాంపిల్‌కి 2 బైట్లు: 2,04,800 బైట్లు. మూడు దిక్కులకి కలిపి 6 లక్షల పైనే. సెకనుకి 250 కిలోబిట్ల రేడియోలో, ఒక్క బిట్ కూడా పోకుండా, మధ్యలో ఆగకుండా పంపినా 20 సెకన్లు, నిజంగా ప్లాంట్‌లో అయితే దానికి చాలా రెట్లు, ఎందుకంటే పోయిన ప్యాకెట్ మళ్ళీ పంపాలి, గేట్‌వేకీ (సెన్సార్ల సిగ్నల్ అందుకునే పెట్టె) సెన్సార్‌కీ మధ్య ఒక స్టీల్ ట్యాంక్ అడ్డం ఉంటే మళ్ళీ మళ్ళీ పంపాలి. లోరావాన్ లాంటి దూరం వెళ్ళే రేడియోలో బాగా నెమ్మది సెట్టింగ్‌కి ప్యాకెట్‌కి 51 బైట్లే పడతాయి, ఆ లెక్కన ఒక్క రికార్డింగ్‌కి 12 వేల ప్యాకెట్లు, అది జరిగే పని కాదు. అందుకే అలాంటి సెన్సార్లు లోపలే లెక్క కట్టేసి నాలుగైదు అంకెలు మాత్రం పంపుతాయి. దూరం, వివరం, బ్యాటరీ, ఈ మూడూ కలిపి ఎవరూ ఇవ్వలేరు, ఇస్తాం అన్నవాళ్ళని ఆ చిన్న అక్షరాలు బయటికి చదివి వినిపించమనండి.

వేడి సంగతి కూడా ఉంది. వీటిలో ఎక్కువగా ఉండేది 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్, ఊరికే ఉంచితే ఏళ్ళ తరబడి ఛార్జ్ నిలుపుకుంటుంది, కానీ మోటార్ బాడీ వేడిలో కూర్చోబెడితే దానంతటదే తొందరగా కరుగుతుంది, రేడియో ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగినా దానికి పడదు. చచ్చిపోయిన వాటి లిస్టు తీసి రెండు గుంపులు చేయండి, వేడి మోటార్లవి ఒకటి, గేట్‌వేకి దూరంగా ఉన్నవి ఒకటి. రెంటిలోనూ పడనివి కొన్నే మిగులుతాయని నా అనుమానం.

ప్రశ్న: మ్యాగ్నెట్‌తో అంటిస్తే సరిపోదా? ప్రతిచోటా డ్రిల్ చేసి స్టడ్ (మర ఉన్న చిన్న కడ్డీ) వేయాలా?

జవాబు: బ్యాలెన్స్, అలైన్‌మెంట్ చూడ్డానికి మ్యాగ్నెట్ చాలు. బేరింగ్ కోసమైతే స్టడ్, లేదా గట్టి ఎపాక్సీ. గుండ్రటి బాడీ మీద రెండంచుల మ్యాగ్నెట్ ఊగుతూ ఉంటే పై ఫ్రీక్వెన్సీ అంతా అక్కడే పోతుంది. వారంటీలో ఉన్న మోటార్‌కి డ్రిల్ పెట్టేముందు మాత్రం తయారీదారుని అడగండి.

ప్రశ్న: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. ఏడీఎక్స్ఎల్ 345 చిప్ పెట్టి బేరింగ్ ఫాల్ట్ పట్టే డివైస్ చేస్తున్నాం. 3000 హెర్ట్జ్ దగ్గర ఏమీ కనపడట్లేదు, కానీ 200 దగ్గర ఒక వింత పీక్ వస్తోంది, మోటార్‌కి దానికీ సంబంధమే లేదు.
— ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: ఆ చిప్ మహా అయితే సెకనుకి 3200 శాంపిళ్ళు ఇస్తుందమ్మా, అంటే 1600 హెర్ట్జ్ దాటి అది చూడలేదు. చూడలేకపోవడం ఒక ఎత్తు, అబద్ధం చెప్పడం ఇంకో ఎత్తు. 3000 దగ్గర నిజంగా వణుకు ఉంటే, సెకనుకి 3200 సార్లే తొంగిచూసే కంటికి అది 3200 లోంచి 3000 తీసేస్తే వచ్చే 200 లాగా కనపడుతుంది. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్ కింద ఫ్యాన్ రెక్కలు మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది చూడు, అదే ఇది. దీన్ని ఏలియాసింగ్ అంటారు. మీ వింత పీక్ అదే అయి ఉండొచ్చు, శాంపిల్ రేట్ మార్చి చూడండి, పీక్ కూడా చోటు మారితే దొంగ దొరికినట్టే. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎంత ఫిల్టర్ చేసినా అది పోదు, శాంపిల్ తీయకముందే ఆపాలి. 11 కిలోహెర్ట్జ్ దాకా చూసే ఏడీఎక్స్ఎల్ 1002 లాంటిది తీసుకుంటే మంచిది, దాని అవుట్‌పుట్ అనలాగ్, మధ్యలో ఫిల్టర్ మీరే కట్టుకోవాలి, కాస్త కష్టపడాలి. అది కుదరకపోతే ప్రాజెక్టు పేరు మార్చేసి అన్‌బ్యాలెన్స్ పట్టే డివైస్ అనండి, ఉన్న చిప్ దానికి బ్రహ్మాండంగా సరిపోతుంది, వైవాలో కూడా నిలబడతారు.

ప్రశ్న: మేం క్యాలెండర్ ప్రకారం 6 నెలలకోసారి ప్రతి పంపూ విప్పి బేరింగులు మారుస్తాం. అంత క్రమశిక్షణ ఉన్నప్పుడు ఈ సెన్సార్లు దండగ కదా?
— ప్రొడక్షన్ మేనేజర్

జవాబు: విప్పిన వారంలోనే మళ్ళీ ఆగిపోయిన పంపులు ఎన్నో మీ రిజిస్టర్‌లో ఒకసారి లెక్కపెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ కోస్టల్ కమాండ్ విమానాలకి 50 గంటలకోసారి తనిఖీ ఉండేది. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన బృందం లెక్కలు తీస్తే రిపేర్లు తనిఖీ అయిన వెంటనే ఎక్కువగా ఉన్నాయి, గంటలు గడిచేకొద్దీ తగ్గాయి, అంటే బాగున్నదాన్ని విప్పి బిగించడమే ఒక జబ్బు. తర్వాత 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నౌలాన్, హీప్ అనే ఇద్దరు అమెరికా రక్షణ శాఖకి ఇచ్చిన రిపోర్టులో విమాన భాగాల్లో 100కి 89 రకాలకి "ఇన్ని గంటలకి మార్చేయాలి" అనే గడువు వల్ల ప్రయోజనం లేదని తేల్చారు. పంపు విమానం కాదు, ఒప్పుకుంటా. కానీ బేరింగ్ కేటలాగ్‌లో ఇచ్చే ఆయుష్షు కూడా 100 బేరింగులు పెడితే 90 దాటే గడువు అని మాత్రమే అర్థం, వాటిలో చాలామటుకు దానికి ఎన్నో రెట్లు నడుస్తాయి, ఏది నడుస్తుందో క్యాలెండర్‌కి తెలీదు. ఇంపెల్లర్ అరుగుదల, ఫిల్టర్ పూడిపోవడం లాంటి వయసుతో వచ్చేవాటికి క్యాలెండర్ ఉంచుకోండి. బేరింగులకి వద్దు.

ప్రశ్న: అలారాలు వాట్సాప్ గ్రూప్‌కి వచ్చేలా పెట్టాం. రోజుకి 60 వస్తున్నాయి. అందరూ గ్రూప్ మ్యూట్ చేసేశారు, నేను కూడా.

జవాబు: ఆ చివరి రెండు మాటలు రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. మీరు అన్ని మెషీన్లకీ ఒకే లిమిట్ పెట్టారనుకుంటా. ఐఎస్ఓ 10816లో, 2022లో దాని స్థానంలో వచ్చిన 20816 మూడో భాగంలో, 15 నుంచి 300 కిలోవాట్ల మెషీన్ గట్టి ఫౌండేషన్ మీద ఉంటే సెకనుకి 1.4, 2.8, 4.5 మిల్లీమీటర్లు అని మూడు గీతలు ఉంటాయి, 4.5 దాటితే డ్యామేజ్ జరిగేంత అని. అదే మెషీన్ మెత్తటి సపోర్ట్ మీద ఉంటే ఆ గీతలే 2.3, 4.5, 7.1 అవుతాయి. ఇవి మొదలుపెట్టడానికి బాగుంటాయి, కానీ పుట్టినప్పట్నుంచీ 3.2 దగ్గర హాయిగా తిరుగుతున్న ఫ్యాన్ మీద రోజూ అరవడం కంటే, ఎప్పుడూ 0.8 ఉండే పంపు రెండు వారాల్లో 1.6కి వచ్చిందంటే అదే నాకు భయం, అది మహా అయితే మొదటి గీతని కాస్త దాటింది, అంతే చూడండి. ఒక్కో మెషీన్‌కి దాని మామూలు ఎంతో నెల రోజులు చూసి, దానికి రెట్టింపు అయితే కూత పెట్టేలా మార్చండి. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే డ్రైవ్) మీద తిరిగేవాటికి స్పీడు కూడా రికార్డు చేయాలి, లేకపోతే 30 హెర్ట్జ్ రీడింగునీ 50 హెర్ట్జ్ రీడింగునీ పోల్చి గాభరా పడతారు. ఇంకా, ఆగి ఉన్న మెషీన్ రీడింగ్ ట్రెండ్‌లో కలవకుండా చూడండి. మెసేజ్ గ్రూప్‌కి కాదు, ఒక మనిషికి వెళ్ళాలి, పేరు పెట్టి.

ప్రశ్న: 2980 ఆర్పీఎం మోటార్. సాఫ్ట్‌వేర్ ఆటో డయాగ్నోసిస్ "మిస్‌అలైన్‌మెంట్" అంటోంది, షాఫ్ట్ స్పీడుకి రెట్టింపు దగ్గర పెద్ద పీక్ ఉందని. లేజర్ పెట్టి మూడుసార్లు అలైన్ చేశాం, పీక్ ఇంచు కూడా కదల్లేదు. నాలుగోసారి చేయమంటున్నారు.
— మెకానికల్ సూపర్‌వైజర్

జవాబు: చేయకండి. 2980ని 60తో భాగిస్తే 49.67 హెర్ట్జ్, దానికి రెట్టింపు 99.33. మీ కరెంట్ సప్లై 50 హెర్ట్జ్, దానికి రెట్టింపు 100, మోటార్‌లో అయస్కాంత లాగుడు వల్ల వచ్చే వణుకు సరిగ్గా అక్కడే పడుతుంది. రెండింటికీ మధ్య సందు 0.67 హెర్ట్జ్. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వణుకుందో చూపే గ్రాఫ్) గీతల మధ్య దూరం 1 హెర్ట్జ్ ఉంది, అంటే సెన్సార్ 1 సెకనే విని ఆపేసింది, ఆ కంటికి ఈ రెండూ ఒకటే. పాపం సాఫ్ట్‌వేర్ బొమ్మా బొరుసూ వేసినట్టు మిస్‌అలైన్‌మెంట్ అనేసింది. రికార్డింగ్ 8 సెకన్లకి పెంచండి, గీతల దూరం 0.125కి వస్తుంది, పీక్ 99.33 మీద ఉందా 100 మీద ఉందా తేలిపోతుంది. సెట్టింగ్‌లో అంత పెంచడం కుదరకపోతే చేతిలో పట్టుకునే ఎనలైజర్ తెప్పించి లైవ్‌లో చూస్తూ మోటార్‌కి పవర్ కట్ చేయమనండి, స్విచ్ తీసిన క్షణంలో పీక్ మాయమైతే అది కరెంట్‌ది, స్పీడుతో పాటు మెల్లగా దిగుతూ పోతే షాఫ్ట్‌ది. గంటకోసారి నిద్ర లేచే వైర్‌లెస్ సెన్సార్‌తో ఈ పరీక్ష జరగదు, దానికి మనిషి వెళ్ళాల్సిందే.

కరెంట్‌దే అని తేలితే వెంటనే వైండింగ్ మీద పడిపోకండి. ముందు సాఫ్ట్ ఫుట్ చూడండి, మోటార్ నాలుగు ఫుట్లలో, అంటే కాళ్ళలో, ఒకటి బేస్‌కి ఆనకపోతే బోల్టు బిగించినప్పుడు బాడీ మెలి తిరిగి, రోటార్‌కీ (లోపల తిరిగే భాగం) స్టేటర్‌కీ (కదలని భాగం) మధ్య సందు ఒకవైపు తగ్గిపోతుంది, ఆ 100 అక్కడ్నుంచే పుడుతుంది. మోటార్ ఆపి, సప్లై లాక్ చేసి ట్యాగ్ వేసి, ఒక్కో ఫుట్ మీద డయల్ గేజ్ పెట్టి ఆ ఒక్క బోల్టే వదులు చేయండి, ముల్లు 0.05 మిల్లీమీటర్ దాటి లేస్తే ఆ కింద షిమ్ (సందు పూడ్చే రేకు ముక్క) కావాలి. ఉన్న షిమ్ములు తీసి తుడవండి కూడా, తుప్పు పొడీ పెయింటు పెళ్ళా మధ్యలో ఇరుక్కుని అయిదారు పల్చటి షిమ్ములు స్ప్రింగులా తయారవుతాయి, వాటి బదులు ఒకటో రెండో మందంవి వేయండి. ఏ ఫుట్ దగ్గర ముల్లు ఎంత లేచిందో నాకు రాయండి, స్క్రీన్‌షాట్ అక్కర్లేదు.